సగం తోమిన కుక్క

మా అమ్మ ఆ కుక్కని చింతపండుతో తోమేసింది. మొత్తం కాదు, కుడి పక్క మాత్రమే. ఎడమ పక్కకి వచ్చేసరికి కరెంటు బిల్లు ఇచ్చే అబ్బాయి వచ్చాడట, అక్కడితో ఆగింది. నేను మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసరికి నూతి చప్టా మీద, తోమిన గిన్నెల మధ్యన, ముందుకాలు ఒకటి ఎత్తి నిలబడి ఉంది. ఒక పక్క కొత్త బిందెలా ధగధగ. ఇంకో పక్క చింతగింజ రంగు.

"అమ్మా, ఇది తోమే వస్తువు కాదమ్మా!" అన్నాను, కాస్త గట్టిగానే.

"ఇత్తడి కొట్టు పెట్టుకుని ఇంట్లో ఇంత మకిలి పట్టిన బొమ్మ ఉంచుతావేంట్రా? చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

ఆవిడ మాటలో తప్పేమీ లేదు. అమలాపురంలో మా కొట్టు తాతగారు పెట్టింది. మూడు తరాలుగా మేము అమ్మేది మెరుపే. నల్లబడ్డ బిందె పట్టుకొచ్చిన వాళ్లకి, కొనుక్కునేదాకా వాళ్ల మొహం అందులో కనపడేంత కొత్త బిందె చూపిస్తాం. రాగి మీద కిలుము పడితే పులుపు తినకూడదని, కంచం నల్లబడితే ఇల్లాలికి మాటొస్తుందని పుట్టినప్పటి నుంచీ విన్నవాణ్ణి. అలాంటివాణ్ణి, ఒక కుక్క బొమ్మ మీద మకిలి పోయిందని అన్నం సరిగ్గా తినలేకపోయానంటే, దానికి ముందు జరిగింది చెప్పాలి.

మొన్న మాఘమాసం ముహూర్తాల ముందు యానాం నుంచి ఒక మామ్మగారు ఆటోలో వచ్చారు. మనవరాలి పెళ్లికి దీపపు కుందులు జత కావాలి, పాత సామాను ఇచ్చి మిగతాది డబ్బు కడతానన్నారు. గోనెసంచి విప్పితే రెండు సొట్టపోయిన బిందెలు, ఒక గంగాళం, మూత లేని మరచెంబు, పన్నీరు బుడ్డి, వాటన్నిటి అడుగున ఈ కుక్క. జానెడు కంటే కాస్త ఎక్కువ పొడుగు. తూకం వేస్తే రెండు కిలోల మూడొందల యాభై గ్రాములు. పాత ఇత్తడి కిలో 450 లెక్కన కట్టి చీటీ రాసేశాను. అంతా అయ్యాక, "ఇదెక్కడిది మామ్మగారూ?" అని మాట వరసకి అడిగాను.

"మా మావగారు దొరల దగ్గర రాతకోతలు చూసేవారు బాబూ. దొరగారు ఓడెక్కేటప్పుడు ఇచ్చి పోయారట. మా ఇంట్లో తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టేవాళ్లం. ఇప్పుడన్నీ అల్యూమినియం తలుపులు కదా, ఆయ్."

యానాం 1954 దాకా ఫ్రెంచి వాళ్లదని మా వైపు అందరికీ తెలుసు. మా ఇంట్లో ఇంకాస్త ఎక్కువ తెలుసు. మా నాయనమ్మ పెళ్లి జరిగింది అక్కడే. శారదా చట్టం వచ్చాక ఇంగ్లీషు వాళ్ల ఏలుబడిలో చిన్నపిల్లకి పెళ్లి చేస్తే కేసు. గౌతమి దాటి యానాంలో అడుగు పెడితే ఆ చట్టం లేదు. అందుకని కోనసీమ నుంచి పడవల నిండా పెళ్లివారు అటు వెళ్లేవారట. నాయనమ్మకి అప్పటికి తొమ్మిదేళ్లు. పడవలో నిద్రపోతూ వెళ్లాను, పెళ్లికూతురినై నిద్రపోతూ తిరిగొచ్చాను అనేది. నవ్వుతూనే అనేది కానీ, ఆ నవ్వు నాకు ఎప్పుడూ నచ్చలేదు. సరే, అది వేరే కథ.

పాత సామానంతా నెలకోసారి అజ్జరం వెళ్తుంది, కరిగించి కొత్త సరుకు చేయడానికి. కుక్కని కూడా ఆ కుప్పలోనే పడేసేవాణ్ణి. కానీ దిమ్మ అంచున అక్షరాలు కనపడ్డాయి. ఫోనులో ఫొటో తీసి హైదరాబాదులో ఉన్న మా పెద్దమ్మాయికి పంపాను. పది నిమిషాల్లో ఫోన్. "నాన్నా, దాన్ని కరిగించెయ్యకండి. ఆ అక్షరాలు పి. జె. మెన్. పారిస్ ఆయన. 1810లో పుట్టి 1879లో పోయారు. కుక్కలూ గుర్రాలూ చేసేవారట."

అక్కణ్ణుంచి మొదలైంది నా పిచ్చి. రాత్రి కొట్టు కట్టేశాక అమ్మాయి పంపినవన్నీ చదవడం, అర్థం కానివి దాన్నే అడగడం. పారిస్‌లో ఆ కాలంలో జంతువుల బొమ్మలే చేసే శిల్పులు ఒక గుంపు ఉండేవారు. వాళ్లని 'అనిమాలియే' అనేవారు. మొదట్లో అది వెక్కిరింపు మాట. మనుషుల్ని, దేవతల్ని చెక్కడం చేతకాక గొడ్లని చేసుకుంటున్నారని.

వాళ్లందరికీ పెద్ద అంత్వాన్ లూయీ బారీ. 1795లో ఒక కంసాలి ఇంట పుట్టాడు. కుర్రతనంలో చెక్కడపు పని, తర్వాత బంగారప్పని, రాత్రుళ్లు బొమ్మలు గీయడం. పారిస్‌లో జంతువుల తోట ఉండేది, అక్కడికి వెళ్లి బోనుల ముందు కూర్చుని సింహాల్నీ పులుల్నీ గీసేవాడు. దెలాక్రువా అనే చిత్రకారుడు ఆయన స్నేహితుడు. తోటలో ఒక సింహం చచ్చిపోయినప్పుడు "సింహం చచ్చింది, పరుగున రా" అని బారీకి చీటీ రాశాడు. ఇద్దరూ వెళ్లి చర్మం ఒలిచిన కళేబరాన్ని పక్క నుంచి, వెనక నుంచి కొలతలు వేసుకుంటూ గీసుకున్నారు. నాకు ఈ సంగతి భలే నచ్చింది. మా వీధిలో ఏ గేదె చచ్చినా మునిసిపాలిటీ బండి కోసం ముక్కు మూసుకుని ఎదురు చూడటమే కదా.

బారీకి పేరు తెచ్చిన బొమ్మ 1831 ప్రదర్శనలో పెట్టిన పులి. ఆ పులి నోట్లో ఏముందనుకున్నారు? మన గంగలో ఉండే పొడుగు మూతి మొసలి. ఆయన జన్మలో ఇండియా చూడలేదు. ఫొటో పెద్దది చేసుకుని చూశాను. పులి మొసలి పొట్ట దగ్గర కొరుకుతూ ఉంటుంది, మొసలి ఒళ్లంతా మెలి తిరిగిపోయి ఉంటుంది. పులి వెనక కాళ్ల కండలు చూస్తే, పిల్లి పిచ్చుకని పట్టుకున్నప్పుడు నడుము ఎలా కిందకి దించుతుందో అచ్చం అలాగే. ఆ తర్వాత రాజుగారి కొడుకు తన భోజనాల బల్ల మీద పెట్టుకోవడానికి వేట బొమ్మలు చేయమన్నాడు. అందులో ఒకటి ఏనుగు మీద ఇండియా వాళ్లు పులిని వేటాడటం. ఏళ్ల తరబడి చేసి 1837లో ప్రదర్శనకి తీసుకెళ్తే పెద్దలు వద్దన్నారు. ఇది శిల్పం కాదు, కంసాలి పని అన్నారట. కంసాలి కొడుక్కి ఆ మాట ఎక్కడ తగిలిందో గానీ, 1850 దాకా మళ్లీ ఆ ప్రదర్శన గడప తొక్కలేదు.

నేను వ్యాపారస్తుణ్ణి కాబట్టి నా కన్ను ఆయన అప్పుల మీద పడింది. ఎవరి దగ్గరా పడటం ఎందుకని బారీ సొంతంగా పోత పెట్టుకున్నాడు. ధరల పట్టీ వేసి చిన్న బొమ్మలు అమ్మాడు. కానీ ఒక్కో నకలూ తన చేత్తో సరిచేయందే బయటికి పంపడు, పంపినా నచ్చకపోతే మళ్లీ ముట్టుకుంటాడు. ఇలాంటివాడి దగ్గర లాభం మిగలదు, ఇది నేను లెక్కల పుస్తకం చూడకుండానే చెప్పగలను. 1845లో ఎమీల్ మార్తాన్ అనే ఆయనతో భాగం కలిపాడు. 1848లో పారిస్‌లో తిరుగుబాటు. అలాంటి ఏడాది కంచు పులిని కొనేదెవరు? అప్పులు తీరక తన అచ్చులూ, నకళ్లు తీయడానికి ఉంచుకునే తల్లి బొమ్మలూ అన్నీ భాగస్తుడికి అప్పజెప్పేశాడు. మళ్లీ చేతికొచ్చింది 1857లో. ఆ తొమ్మిదేళ్లూ ఆయన చేసిన బొమ్మలు ఎవరో పోసి అమ్ముకున్నారు. ఆయన మాత్రం 1854 నుంచి జంతువుల తోటలో కుర్రాళ్లకి బొమ్మలు గీయడం నేర్పే ఉద్యోగంలో కుదిరాడు. తర్వాత పెద్ద శిల్పిగా పేరు పడ్డ రొదాన్ కూడా 1860ల్లో అక్కడ ఆయన దగ్గర నేర్చుకున్నవాడే.

మెన్ అలా కాదు. ఆయన మన బాపతు మనిషి. తండ్రి లేతు పనివాడు. లోహం పని ఇంట్లోనే చూసి పెరిగాడు, సొంత పోతశాల పెట్టుకున్నాడు, కేటలాగు వేశాడు, ఇళ్లల్లో అలమర మీద పట్టేంత కుక్కలూ గుర్రాలూ చేశాడు. అవి తెగ అమ్ముడుపోయాయి. అల్లుడు ఒగ్యుస్త్ కెన్ కూడా జంతువుల శిల్పే. మావగారు పోయాక కెన్ పోతశాల నడిపాడు, 1894లో ఆయనా పోయాక తల్లి బొమ్మలు స్యూస్ కంపెనీ చేతికి వెళ్లాయి. బాగా అమ్ముడుపోయేదానికి నకళ్లూ ఎక్కువే. ఇది మా అమ్మాయి చెప్పక ముందే నాకు తెలుసు. 'అజ్జరం గంట' అని అడిగితే ఉత్తరాది గంట అంటగట్టే వాళ్లు బజారులో ఉన్నారు, పేర్లు ఎందుకు గానీ.

అందుకని ఆదివారం కుక్కని తువ్వాల్లో చుట్టి బండి మీద అజ్జరం బయల్దేరాను. కొత్తపేట దాటుతుంటే రోడ్డు పక్కన విగ్రహాల షెడ్ల ముందు నాయకులందరూ మొహాలకి గుడ్డలు కట్టుకుని ఎవరి ఊరి ఆవిష్కరణ కోసం వాళ్లు ఎదురు చూస్తున్నారు. రావులపాలెంలో అరటి గెలల లారీల మధ్య అరగంట ఇరుక్కున్నాను. సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ దాటి పెరవలి వైపు తిరిగితే అజ్జరం. అక్కడ వీధిలోకి అడుగు పెట్టగానే సుత్తుల చప్పుడు. నాకు ఆ చప్పుడంటే చిన్నప్పటి నుంచి ఇష్టం, నాన్న భుజం మీద కూర్చుని విన్నాను.

మా నాన్న కాలం నుంచి మాకు సరుకు పోసే పెద్దాయన ఉన్నారు. నేను బాబాయ్ అంటాను. డెబ్భై దాటాయి, కొడుకు పని చేస్తుంటే పక్కన కూర్చుని తప్పులు పడతారు. తువ్వాలు విప్పి కుక్కని చేతికిచ్చాను. ఎవరైనా మొహం చూస్తారు, అక్షరాలు చూస్తారు. ఆయన ముందు తలకిందులు చేశారు.

"ముందు కింద చూడాలబ్బాయ్. పైన నీకోసం చేస్తారు, కింద ఎవరూ చూడరని చేస్తారు."

దిమ్మ కింద ఒక మూల ఆకురాయితో రెండు గీతలు గీశారు. తెల్లగా వస్తే తుత్తునాగం, అంటే జింకు. ఆ కాలంలో చవకరకం బొమ్మలు తుత్తునాగంతో పోసి పైన కంచు రంగు పూసేవారని మా అమ్మాయి ముందే భయపెట్టింది. నేను ఊపిరి బిగబట్టాను. గీత ఎర్రటి పసుపు రంగులో వచ్చింది.

"ఇత్తడి కాదు. మన గంట కంచూ కాదు, దానికి తగరం ఇంకా ఎక్కువ పడుతుంది. ఇందులో రాగి బాగా ఉంది. నూటికి తొంభై వంతులు ఉంటుంది."

విగ్రహాల కంచులో ఆ పాళ్లే ఉంటాయి. రాగి తొంభై వరకూ, మిగతాది తగరం, తుత్తునాగం, చిటికెడు సీసం. గంటకైతే తగరం ఇరవై పైన పోస్తారు. అందుకే మోగుతుంది, కింద పడితే పగులుతుంది. బొమ్మకి మోత అక్కర్లేదు, ఉలి దిగితే చాలు.

పారిస్‌లో ఎలా పోసేవారో నేను చదివింది ఆయనకి చెప్పడం మొదలుపెట్టాను. సగంలోనే ఆయన అందుకుని మిగతాది చెప్పేశారు. నూట యాభై ఏళ్ల కిందటి ఫ్రెంచి పోతశాలలోకి ఆయన చెప్పులు వదిలి అలా నడుచుకుంటూ వెళ్లిపోయారు.

అక్కడ నకళ్లు ఎక్కువగా ఇసుకలో పోసేవారు. పారిస్ పక్కన ఫొంతెనే ఓ రోజ్ అనే ఊళ్లో మెత్తటి పసుప్పచ్చ ఇసుక దొరికేది, బంకమట్టి సహజంగానే కలిసి ఉండేది. బాబాయ్ ఆ మాటకి తలూపి, ఉట్టి గోదావరి ఇసుకైతే వేలి మధ్య నుంచి జారిపోతుంది, దానికి ఒండ్రు కలపాల్సిందే అన్నారు. పిడికిట్లో నొక్కి వదిలితే వేలిముద్రలు అలాగే నిలవాలి. అదీ పరీక్ష.

ముందు శిల్పి మైనంతోనో మట్టితోనో చేసిన బొమ్మ నుంచి కంచులోనే ఒక తల్లి బొమ్మ తయారు చేసుకుంటారు. దాన్ని చాలా జాగ్రత్తగా చెక్కి, ముక్కలుగా విడదీసి పెట్టుకుంటారు. కుక్క వేరు, దిమ్మ వేరు, తోక వేరు. ఇనప పెట్టెలో ఇసుక పోసి దిమ్మిస చేసి, ముక్కని సగం దాకా పాతుతారు. పైన బొగ్గు పొడి చల్లి రెండో పెట్టె ఎక్కిస్తారు. బొమ్మలో లోతులుంటాయి కదా, చెవి వెనక, కడుపు కింద, కాళ్ల సందున. పెట్టె ఎత్తితే అక్కడ ఇసుక విరిగిపోతుంది. అందుకని అలాంటి చోటల్లా ఇసుకనే చిన్న చిన్న ముక్కలుగా నొక్కి, విడివిడిగా ఊడొచ్చేలా పేరుస్తారు. ఒక్క కుక్కకి అలాంటివి డజన్లు పట్టొచ్చు.

ఇక లోపల గుల్లగా రావాలి. గట్టిగా పోస్తే బరువు, ఖర్చు, పైగా చల్లారేటప్పుడు పగుళ్లు. దానికి వాళ్లు చేసింది విని మా అమ్మాయి నమ్మలేదు గానీ బాబాయ్ ఏమీ ఆశ్చర్యపోలేదు. తల్లి బొమ్మ తీసేశాక ఆ ఖాళీలో మళ్లీ ఇసుక కూరి, లోపల ఇనప తీగ పెట్టి, ఇసుక కుక్క ఒకటి చేస్తారు. దాన్ని బయటికి తీసి ఒళ్లంతా సమంగా మూడు నాలుగు మిల్లీమీటర్లు చెక్కేస్తారు. చిక్కిపోయిన ఆ కుక్కని తిరిగి అచ్చులో వేలాడదీస్తారు. అచ్చుకీ దానికీ మధ్య మిగిలిన సందులోకి కరిగిన లోహం వెళ్తుంది. ఎక్కడైనా చేయి వణికి ఎక్కువ చెక్కితే అక్కడ మందం, తక్కువ చెక్కితే చిల్లు. తర్వాత అచ్చు పొయ్యిలో ఎండబెట్టి, గాలి పోయే బెజ్జాలు పొడిచి, వెయ్యి డిగ్రీల పైన కాగిన కంచు పోస్తారు. తేమ ఉంటే ఏమవుతుందో బాబాయ్ నోటితో చెప్పలేదు. చొక్కా చేయి పైకి మడిచి, మోచేతి దగ్గర తెల్లటి మచ్చ చూపించారు.

ముక్కలు పోశాక వాటిని ఒకదాన్లో ఒకటి దూర్చి, మేకులు కొట్టి, అతుకు కనపడకుండా సుత్తితో కలిపి, ఉలితో బొచ్చు గీతలు దాని మీదుగా లాగుతారు. ఈ చెక్కే పనివాళ్లకి పారిస్‌లో మంచి జీతం ఉండేదట. బొమ్మ మీద పేరు మాత్రం ఉండదు. అజ్జరం గంట మీదా ఉండదు లెండి.

మైనంతో పోసే పద్ధతి మన పంచలోహ విగ్రహాలదే. మైనపు బొమ్మకి మట్టి పూసి, కాల్చి, మైనం కారిపోయాక ఆ చోట లోహం పోయడం. మన దగ్గర అది ఏనాడూ ఆగలేదు. ఫ్రాన్సులో మాత్రం దాదాపు మరిచిపోయారు. 1830ల్లో ఒనోరే గొనొన్ అనే పోతపనివాడు కొడుకులతో కలిసి దాన్ని మళ్లీ బతికించాడు. బారీ పులీ మొసలీ 1832లో పోసింది ఆయనే, పాముని తొక్కుతున్న పెద్ద సింహాన్ని పోసిందీ ఆయనే. వందల నకళ్లు కావాల్సిన వాళ్లు మాత్రం ఇసుకనే పట్టుకున్నారు. పెద్ద బొమ్మని కొలత తప్పకుండా చిన్నది చేసే యంత్రం కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. అది చేసిన కొలా, గోడలకి అంటించే రంగు కాగితాల వ్యాపారం చేసుకునే బార్బెదియెన్ కలిసి 1838లో కంపెనీ పెట్టారు. బారీ 1875లో పోయాక ఆయన తల్లి బొమ్మల్లో చాలా భాగం వేలంలో కొన్నది ఆ బార్బెదియెనే.

ఇదంతా అయ్యాక అసలు సంగతికి వచ్చారు బాబాయ్. కుక్క పాదాల దగ్గర భూతద్దం పెట్టి నన్ను చూడమన్నారు. ఒక్కో పాదం చుట్టూ వెంట్రుకంత గీత. దాని పక్కన మేకు తల కొట్టి అరగదీసిన చుక్క.

"అతుకు కనపడిందా?"

"కనపడింది బాబాయ్. అయితే కుక్క వేరే, దిమ్మ వేరే పోశారన్నమాట."

"ఇప్పుడు కింద చూడు."

దిమ్మ కింద సరిగ్గా ఆ పాదాల చోట ఏమీ లేదు. మేకు చివర లేదు, అతుకు లేదు. ఒకే పోత, నున్నగా.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అతుకు గీతలున్న అసలు బొమ్మని ఎవరో ముందు పెట్టుకుని, దాని మీద అచ్చు తీశారు. అచ్చులో గీతలు కూడా దిగాయి, మేకు తలలు కూడా దిగాయి. అందుకే ఈ కుక్కకి పైన అతుకు బొమ్మ ఉంది, లోపల అతుకు లేదు. అక్షరాలు మొద్దుబారి ఉండటం, వీపు మీద బొచ్చు సబ్బు అరిగినట్టు ఉండటం కూడా అందుకే. లోహం చల్లారితే నూటికి ఒకటిన్నర, రెండు వంతులు కుంచించుకుంటుంది కాబట్టి అసలు దాని పక్కన పెడితే ఇది పిసరంత చిన్నదిగా తేలుతుందని కూడా అన్నారు. నకలుకి నకలు. పుట్టిన ప్రతి పిల్లా తల్లికంటే పొట్టే.

మొహం వేలాడేసుకున్నాను కాబోలు. బాబాయ్ నవ్వి, దిమ్మ కింద వెలుతురు పడేలా తిప్పి, నా బొటనవేలు పట్టుకుని ఒక చోట ఆనించారు. చిన్న గుంట. నా వేలు అందులో సరిగ్గా కూర్చుంది. పక్కనే కొవ్వొత్తి కారినట్టు రెండు చారలు.

"ఇసుకైతే గరుగ్గా ఉంటుంది. ఇది మైనం. మైనం పలక మెత్తగా ఉన్నప్పుడు ఎవడో బొటనవేలితో నొక్కాడు. ఆ వేలు అలా లోహంలో ఉండిపోయింది. పారిస్‌లో పోశారో, పాండిచ్చేరిలో పోశారో! ఎవడైతేనేం, చెయ్యి తెలిసినవాడే. ఎక్కడా చిల్లు లేదు చూడు."

తిరిగొచ్చేటప్పుడు సిద్ధాంతం వంతెన మీద బండి ఆపి మామ్మగారికి ఫోన్ చేశాను. అసలుది కాదట గానీ పాత ఇత్తడి లెక్కన తూచడం మాత్రం న్యాయం కాదు, కావాలంటే తెచ్చి ఇచ్చేస్తాను అన్నాను. "ఏం చేసుకోను బాబూ, తలుపులు కూడా లేవు కదా" అన్నారు. కుందులకి మజూరీ తీసుకోనని చెప్పాను. దానికి మాత్రం వెంటనే ఒప్పుకున్నారు.

ఇక ఆ చింతగింజ రంగు. అది మురికి కాదని నాకు తెలిసింది కూడా ఆ రోజే, బాబాయ్ కొడుకు ద్వారా. కంచు బొమ్మ పోసి, చెక్కి ముగించాక పారిస్ వాళ్లు దాన్ని వేడి చేసి, ఆ వేడి మీద కుంచెతో మందులు పూసేవారు. గంధకం కలిసినవి పూస్తే గోధుమ నుంచి నలుపు దాకా వెళ్తుంది. ఇనుము కరిగించిన ఆమ్లపు నీళ్లయితే ఎర్రటి గోధుమ. రాగి కరిగించినవి పూస్తే ఆకుపచ్చ. పూయడం, ఆరనివ్వడం, మళ్లీ వేడి చేయడం, నచ్చిన రంగు వచ్చినప్పుడు ఆపి పైన మైనం రుద్దడం. బారీ బొమ్మల ఆకుపచ్చకి ప్రత్యేకంగా పేరుంది. కొనేవాళ్లు ఆ రంగుకీ డబ్బిచ్చేవారు. అంటే మా ఇళ్లల్లో చింతపండు, బూడిద, కొబ్బరి పీచు పెట్టి ఏ కిలుమునైతే వదలగొడతామో, దాన్ని వాళ్లు చేతులు కాల్చుకుని పట్టించేవారు. చింతపండులోని పులుపు ఆ పొరని రెండు నిమిషాల్లో కరిగించేస్తుంది. మా అమ్మకి రెండు నిమిషాలు కూడా పట్టి ఉండదు, ఆవిడ చెయ్యి అలాంటిది.

బారీ గురించి ఒక మాట చెబుతారు. ఆఖరి రోజుల్లో ఆయన మంచం మీద ఉంటే భార్య బొమ్మల దుమ్ము దులుపుతూ, మీకు ఒంట్లో బాగయ్యాక సంతకాలు కాస్త కనపడేలా పెట్టండి అందట. కంగారు పడకు, ఇరవై ఏళ్లు పోతే భూతద్దాలు పట్టుకుని వెతుకుతారు అన్నాడట ఆయన. ఈ సంగతి అమ్మకి చెప్పాను, కోపం తగ్గాక. ఆవిడ అంతా విని, "ఆవిడ దుమ్ము మాత్రమే దులిపిందా? తోమలేదా?" అంది.

బాబాయ్‌కి ఫోన్ చేస్తే పంపించు, రంగు మళ్లీ పట్టిద్దాం అన్నారు. పంపలేదు. ఎందుకో తెలియదు. కొట్లో త్రాసు పక్కన పెట్టాను. బేరానికి వచ్చిన వాళ్ల పిల్లలు తల నిమురుతున్నారు, ఎక్కువగా మెరిసే పక్కనే.

మొన్న శుక్రవారం మామ్మగారు కుందులు తీసుకెళ్లడానికి వచ్చి, శుభలేఖ నా చేతికిచ్చి, కూర్చుని మజ్జిగ తాగారు. తాగుతూ తాగుతూ కుక్క వైపు చూశారు. గ్లాసు పక్కన పెట్టి, దాన్ని అటు తిప్పారు, ఇటు తిప్పారు. డెబ్భై ఏళ్లు తలుపు దగ్గర ఉన్నదాన్ని మొదటిసారి చూస్తున్నట్టు.

"బాగానే ఉంది గానీ," అన్నారు, "ఆ రెండో పక్క కూడా తోమించలేకపోయావా బాబూ?"

లోపలి గదిలో దారాలు చుడుతున్న మా అమ్మ ఆ మాట విని బయటికి వచ్చేసింది.